పాత బీడు పెనాలు: కొనే ముందు చూడవలసినవి, తుప్పు వదిలించి నూనె పట్టించే తీరు

మీరు రాసిన దాని సారాంశం ఇది. జుమ్మేరాత్ బజార్‌లో తుప్పుతో నిండిన బరువైన దోసె పెనాన్ని, గుంత పొంగనాల పెనాన్ని తూకానికి కొన్నారు. ఊళ్లోని పాత ఇంటి అటక మీద మీ నానమ్మ గారి కాలపు బాణలి ఒకటి దొరికింది. అమ్మినాయన వీటిని నిప్పుల్లో వేసి కాల్చమన్నాడు, వెల్డింగ్ షాపతను గ్రైండర్ పట్టిస్తానన్నాడు, ఇంకెవరో బాత్‌రూం కడిగే యాసిడ్ పోయమన్నారు. వీటిలో ఏది మేలని అడిగారు.

మూడూ వద్దు. తుప్పు, మాడిన జిడ్డు పోవాలి గాని వాటి కింద ఉన్న ఇనుము పోకూడదు. నిప్పు, గ్రైండర్, యాసిడ్ ఈ రెంటికీ తేడా చూడవు. పాత పెనం ఎంత ఎర్రగా తుప్పు పట్టినా బాగుచేయవచ్చు. పగిలినదాన్ని, వంగిన పోత పెనాన్ని, సీసం కరిగించినదాన్ని మాత్రం ఎవరూ బాగుచేయలేరు. కనుక శుభ్రం చేసే పద్ధతి కన్నా ముందు, మీ చేతిలో ఉన్నది ఏమిటో, అది శ్రమకు తగినదో కాదో తేల్చుకోవాలి.

మీ మూడు వస్తువులూ ఒకే జాతివి కాకపోవచ్చు. పోత ఇనుములో, అంటే బీడులో, సుమారు 2 నుంచి 4 శాతం దాకా కర్బనం, కొంత సిలికాన్ ఉంటాయి. అందువల్లనే అది 1200 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లోనే కరిగి ఇసుక అచ్చులోకి పారుతుంది, అందువల్లనే పెళుసుగానూ ఉంటుంది. స్వచ్ఛమైన ఇనుము కరగాలంటే 1538 డిగ్రీలు కావాలి. ఊరి కమ్మరి కొలిమిలో ఇనుము కరగదు, ఎర్రగా కాగి మెత్తబడుతుంది, ఆకారమంతా సుత్తి దెబ్బలతోనే వస్తుంది. మీ బాణలి అడుగున చిన్న చిన్న సొట్టలు వరుసగా కనిపిస్తున్నా, చెవులను రివెట్లతో బిగించి ఉన్నా అది చేత ఇనుముదో రేకుదో అయి ఉంటుంది. అది పోత ఇనుములా పగలదు, అంచు వంగితే కమ్మరి సరిచేసి ఇస్తాడు. పొంగనాల పెనం మాత్రం దాదాపు ఎప్పుడూ పోతపోసినదే. గుంతల అడుగున ఇసుక గరుకు, అంచు చుట్టూ రెండు అచ్చులు కలిసిన సన్నని గీత కనిపిస్తే ఇక అనుమానం అక్కరలేదు.

దోసె పెనం సంగతి తూకం చెబుతుంది. 30 సెంటీమీటర్ల అడ్డుకొలత, 5 మిల్లీమీటర్ల మందం ఉన్న బల్లపరుపు పోత పెనం, పిడి లేకుండా, సుమారు రెండున్నర కిలోలు తూగాలి. అదే వెడల్పుతో 3 మిల్లీమీటర్ల ఉక్కు రేకుది అయితే కిలో ఏడు వందలకు మించదు. ఇంకా సందేహం ఉంటే, మీ వెల్డింగ్ షాపతని గ్రైండర్‌కు ఈ ఒక్క పని మాత్రం ఇవ్వవచ్చు: పిడి చివరను ఒక్క క్షణం రాయికి తాకించమనండి. పోత ఇనుము నుంచి పొట్టిగా, మందంగా, ఎర్రని రవ్వలు రాలతాయి. మామూలు ఉక్కు నుంచి పొడవాటి పసుపు రవ్వలు దూరంగా ఎగురుతాయి. అంతటితో గ్రైండర్ ఆపించేయండి.

ఇక పగుళ్లు. పెనాన్ని పిడి పట్టి వేలాడదీసి, చెక్క గరిటెతో అంచు మీద నాలుగైదు చోట్ల కొట్టండి. గట్టి పెనం కొంతసేపు మోగుతుంది, పగిలినది మాత్రం బొంగురుగా పలికి అక్కడితో ఆగిపోతుంది. అయితే తుప్పు, జిడ్డు దట్టంగా ఉన్నప్పుడు ఈ శబ్దాన్ని పూర్తిగా నమ్మలేము. అప్పుడు వర్క్‌షాపుల వాళ్ల పాత పద్ధతి ఉంది. అనుమానమున్న చోటును తీగ బ్రష్‌తో రుద్ది, కిరోసిన్ గాని డీజిల్ గాని పూసి, పావుగంట ఆగి, పొడిగుడ్డతో శుభ్రంగా తుడిచేయాలి. ఆపైన సుద్దముక్కను మెత్తగా పొడిచేసి చల్లాలి. పగులు ఉంటే లోపల నిలిచిన నూనె నెమ్మదిగా పైకి ఊరి, తెల్లని సుద్ద మీద సన్నని తడి గీతగా కనిపిస్తుంది. వెంట్రుకంత పగులైనా సరే, ఆ పెనాన్ని గోడకు తగిలించుకోండి, పొయ్యి మీద పెట్టవద్దు. బీడుకు కూడా వెల్డింగ్ వేస్తామని చెప్పేవారు ఉంటారు. యంత్ర భాగాలకు అది చెల్లుతుందేమో గాని, రోజూ కాగి చల్లారే పెనానికి ఆ అతుకు నిలవదు, ఆ అతుకుకు వాడే లోహం వంటలో ఉండదగినదీ కాదు.

వంపు చూడడానికి కడప బండ చాలు. సమంగా ఉన్న బండ మీద బోర్లించి, తర్వాత మామూలుగా పెట్టి, అంచును వేలితో నొక్కండి. ఊగినా, నడుమ ఉబ్బి గిర్రున తిరిగినా అది గ్యాస్ పొయ్యి మీద ఎలాగో గడుస్తుంది గాని ఇండక్షన్ మీద పనికిరాదు. దోసె పెనం లోపలి తలం నడుమ కొద్దిగా పల్లంగా ఉండడం వేరే సంగతి, అది వాడుకలో అరిగిన గుర్తు, దోషం కాదు.

అందరూ మరిచే పరీక్ష సీసానిది. వలలకు కట్టే గుండ్లు పోయడానికీ, పాత ప్రింటింగ్ ప్రెస్సుల అచ్చు అక్షరాలను కరిగించడానికీ, బ్యాటరీల సీసాన్ని ముద్దలు చేయడానికీ చేతికి అందిన ఇనుప పాత్రనే వాడతారు. సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది కనుక మామూలు కట్టెల పొయ్యి సరిపోతుంది. ఎర్రని తుప్పు నడుమ ఎక్కడైనా తుప్పు పట్టని బూడిద రంగు మరక, ముఖ్యంగా మూలల్లో, గుంతల అడుగున కనిపిస్తే కత్తి మొనతో గీయండి. మెత్తగా తెగి లోపల వెండిలా మెరిస్తే అది సీసమో టంకమో అయి ఉంటుంది. పొంగనాల పెనాన్ని ఈ దృష్టితో మరీ జాగ్రత్తగా చూడండి, ఎందుకంటే గుండ్లు పోయడానికి ఆ గుంతలు చాలా అనువుగా ఉంటాయి. సీసం ఉన్నదని తేలినా, గట్టి అనుమానమున్నా దాన్ని వంటకు వాడవద్దు. శుభ్రం చేసే తొట్టిలో కూడా దించవద్దు, ఆ నీళ్లలో తర్వాత ముంచే పెనాలకూ అది అంటుతుంది.

ఇంటర్నెట్‌లో మీరు చదివిన సలహాలు చాలావరకు అమెరికా పెనాల గురించినవి. ఈరీ పట్టణపు గ్రిస్‌వోల్డ్, ఒహాయోలోని వాగ్నర్ వంటి ముద్రలను చూసి కాలం నిర్ణయించే పద్ధతులు అక్కడివి. హైదరాబాద్‌లో అటువంటివి కనిపిస్తే విదేశాల నుంచి తిరిగివచ్చిన ఎవరి సామానులోనో వచ్చి ఉండాలి. ఇక్కడ దొరికే ముద్ర ఉన్న పాత పోత పాత్రలకు సికింద్రాబాద్ కంటోన్మెంట్ ఒక మూలం. 1806లో ఏర్పడిన ఆ దండు ప్రాంతపు బంగళాల నుంచి పాత సామాను ఇప్పటికీ అప్పుడప్పుడు అమ్మకానికి వస్తుంది. వెస్ట్ బ్రామిచ్‌కు చెందిన కెన్రిక్ వంటి ఇంగ్లీషు కర్మాగారాల కుండలైతే వాటి మీద ఎన్ని పింట్లు (ఇంగ్లీషు ద్రవ కొలత) పడతాయో అంకె పోతలోనే ఉంటుంది. వీటి లోపల తగరపు పూతో, ఎనామెలో ఉండవచ్చు. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది, కాస్టిక్ సోడాలో కూడా నిలవదు, కనుక కింద చెప్పబోయే పద్ధతులేవీ వాటికి వర్తించవు. పెచ్చులూడిన పాత ఎనామెల్ పాత్రలో వండనే వండవద్దు.

ముద్ర లేని నాటు పెనానికి వయసు చెప్పడం ఎవరికీ సాధ్యం కాదు. అమ్మేవారు అన్నింటినీ నిజాం కాలానివనే అంటారు. వినండి, ధర మాత్రం ఇనుముకు కట్టండి. కొత్త పోతను ఉప్పునీళ్లు చల్లి తుప్పు పట్టించి పాతదని అమ్మేవారూ ఉన్నారు. నిజంగా వాడిన పెనానికి అడుగు అంచు, పిడి మొదలు అరిగి నున్నబడి ఉంటాయి, అడుగున మసి పొరలు కట్టి ఉంటుంది. అంతటా ఒకే నారింజ రంగు తుప్పు, పదునైన అచ్చు గీతలు కనిపిస్తే అనుమానించండి. వెతకడానికి గురువారం పొద్దున్నే పురానాపూల్ దగ్గరి జుమ్మేరాత్ బజార్, ఆదివారం ఎర్రగడ్డ అంగడి మంచివే. అయితే నా అభిప్రాయంలో అన్నింటికన్నా మేలు మీ పేటలోని పాత ఇనుప సామాన్ల కొట్టు. ఇళ్లు ఖాళీ చేసినప్పుడు పెనాలు మొదట చేరేది అక్కడికే. బీడు వేరుగా, రేకు వేరుగా కుప్ప పోస్తారు కాబట్టి బీడు కుప్ప చూపించమని అడిగితే చాలు.

ఇప్పుడు శుభ్రం చేయడం. పెనం మీద ఉండేవి రెండు వేర్వేరు పదార్థాలు: మాడి గట్టిపడిన నూనె పొరలు, తుప్పు. మొదటిది క్షారానికి లొంగుతుంది, రెండవది లొంగదు. జిడ్డు దట్టంగా ఉంటే మూత ఉన్న గట్టి ప్లాస్టిక్ డబ్బాలో నీళ్లు పోసి, లీటరుకు పాతిక గ్రాముల చొప్పున కాస్టిక్ సోడాను నీళ్లలోకి కొద్దికొద్దిగా వేసి కలపాలి. ఎన్నడూ సోడా మీద నీళ్లు పోయవద్దు, ఒక్కసారిగా ఉడికి చిమ్ముతుంది. రబ్బరు తొడుగులు, కళ్లద్దాలు తప్పనిసరి, పిల్లలకు అందని చోటు తప్పనిసరి. అల్యూమినియం గిన్నె గాని, గరిటె గాని దగ్గరకు రానీయవద్దు, అల్యూమినియం, సోడా కలిస్తే హైడ్రోజన్ వాయువు పుడుతుంది. చెక్క పిడి ఉంటే ముందే ఊడదీయాలి. రెండు మూడు రోజులకు నల్లని పొర మెత్తబడి స్టీలు పీచుకు ఊడివస్తుంది. మొండి జిడ్డయితే వారం కూడా పట్టవచ్చు, తొందరేమీ లేదు. సోడా ఇనుమును తినదు కనుక ఒకరోజు ఎక్కువ ఉన్నా నష్టం లేదు.

తుప్పుకు నేను వాడేది విద్యుద్విశ్లేషణ, అంటే సోడా నీళ్లలో కరెంటు పారించి తుప్పు వదిలించడం. పేరు పెద్దది గాని పని చిన్నది. ప్లాస్టిక్ తొట్టిలో నీళ్లు నింపి నాలుగు లీటర్లకు ఒక పెద్ద చెంచా చొప్పున చాకలి సోడా కలపాలి, వంట సోడా వేరు, ఇది వేరు. పాత రకం 12 వోల్టుల కారు బ్యాటరీ ఛార్జర్ ఒకటి కావాలి. కొత్త రకం ఛార్జర్లు అవతల బ్యాటరీ కనిపించకపోతే పనిచేయవు. ఛార్జర్ నల్ల తీగను పెనానికి, అది కూడా తుప్పు గీకి మెరుగు తేల్చిన చోట బిగించాలి. ఎర్ర తీగను పనికిరాని మామూలు ఇనుప రేకుకు బిగించి, పెనానికి తగలకుండా ఎదురుగా నిలబెట్టాలి. తీగలు తారుమారైతే రేకుకు బదులు పెనమే కరిగిపోతుంది, కనుక ప్లగ్గు పెట్టే ముందు మరొకసారి చూసుకోండి. ఆ రేకు స్టెయిన్‌లెస్ స్టీలుది కాకూడదు, ఎందుకంటే అందులోని క్రోమియం విషపూరితమైన రూపంలో నీళ్లలోకి దిగుతుంది. జింకు పూసిన రేకు కూడా వద్దు. స్విచ్ వేయగానే పెనం చుట్టూ సన్నని బుడగలు లేస్తాయి. అది హైడ్రోజన్, కాబట్టి బాల్కనీలోనో మిద్దె మీదో పెట్టండి, దగ్గర్లో నిప్పు ఉండరాదు. నీళ్లలో చేయి పెట్టే ముందు ప్లగ్గు తీయండి.

రేకుకు ఎదురుగా ఉన్న వైపే బాగా శుభ్రపడుతుంది కనుక కొన్ని గంటలకోసారి పెనాన్ని తిప్పాలి. పొంగనాల పెనానికి ఓపిక ఇంకొంచెం కావాలి, గుంతలు నేరుగా రేకును చూసేటట్టు నిలబెట్టకపోతే వాటి అడుగు అలాగే మిగిలిపోతుంది. నీళ్లు చిక్కని గోధుమ రంగుకు మారి, పైన నురగ కడితే పని సాగుతున్నట్టే. బయటికి తీసినప్పుడు ఎర్ర తుప్పు ఉన్నచోట నల్లని బురద వంటిది ఉంటుంది, అది స్టీలు పీచుకు సులువుగా పోయి కింద బూడిద రంగు ఇనుము బయటపడుతుంది.

ఛార్జర్ లేనివారికి వెనిగర్ ఉంది. సమానంగా నీళ్లు కలిపి, అరగంటకు మించకుండా నానబెట్టి, రుద్ది, అవసరమైతే మళ్లీ పెట్టాలి. రాత్రంతా వదిలేస్తే అది తుప్పు అయ్యాక ఇనుమును తినడం మొదలుపెట్టి తలాన్ని గుంతలు చేస్తుంది. చింతపండు పులుసుకూ ఇదే హద్దు. బాత్‌రూం యాసిడ్ ఇదే పనిని నిమిషాల్లో, అదుపు లేకుండా చేస్తుంది. నిప్పులో కాల్చితే ఒకచోట మందం, ఒకచోట పలుచన ఉన్న పోత వంగుతుంది లేదా చిట్లుతుంది. ఎర్రగా కాలిన చోట గులాబి ఛాయతో ఒక పెచ్చు మిగులుతుంది, దాని మీద నూనె నిలవదు. గ్రైండర్ వేసిన గాట్లను ఇక తీయలేము. కొత్తగా కొన్న గరుకు పెనాన్ని 80, ఆపైన 120 నంబరు ఉప్పుకాగితంతో నునుపు చేసుకోవడంలో తప్పులేదు గాని, ఏళ్ల వాడుకలో నున్నబడిన పెనానికి అది అక్కరలేదు.

శుభ్రమైన ఇనుము తడి తగలగానే నిమిషాల్లో మళ్లీ రంగు మారుతుంది. సబ్బుతో కడిగి, గుడ్డతో తుడిచి, వెంటనే సన్నని మంట మీద పెట్టి పూర్తిగా ఆరనివ్వండి. గుడ్డకు కొంచెం గోధుమ రంగు అంటినా కంగారు పడనక్కరలేదు, నూనెతో ఒకసారి తుడిస్తే పోతుంది.

నూనె పట్టించడం, అంటే సీజనింగ్, అసలు రసాయన క్రియ. అసంతృప్త కొవ్వులు ఎక్కువగా ఉన్న నూనె పలుచని పొరగా గాలిలో బాగా కాగినప్పుడు దాని అణువులు ఒకదానితో ఒకటి ముడిపడి గట్టి పూతగా మారతాయి. అందుకే పొద్దుతిరుగుడు, సోయా, వేరుశనగ నూనెలు ఈ పనికి వస్తాయి, కొబ్బరి నూనె అంతగా రాదు. అవిసె నూనె అన్నింటికన్నా గట్టి పొరను ఇస్తుంది గాని కొన్నాళ్లకు పెచ్చులుగా లేస్తుంది, నేను మానుకొమ్మంటాను. మన ఇళ్లలో ఇనుప పాత్రలకు ఆముదం రాసే అలవాటు ఉంది. అది ఎండి గట్టిపడే నూనె కాదు, తుప్పు రాకుండా దాచడానికి మంచిదే గాని పూతగా మారదు.

కొలత ముఖ్యం. వెచ్చగా ఉన్న పెనానికి అర చెంచా నూనె అన్ని వైపులా, పిడికి కూడా రుద్ది, తర్వాత పొడి గుడ్డతో అసలు నూనె రాయలేదేమో అనిపించేంతగా తుడిచేయాలి. మందంగా వదిలితే జిగురు చుక్కలు కట్టి దోసె అంటుకుంటుంది. పెనం పట్టే ఓటీజీ (ఇంట్లో వాడే కరెంటు ఓవెన్) ఉంటే బోర్లించి 230 డిగ్రీల వద్ద ఒక గంట ఉంచి, లోపలే చల్లారనివ్వండి. మూడు నాలుగు సార్లు ఇలా చేస్తే నల్లని, చేతికి అంటని పూత వస్తుంది. ఓటీజీలో పట్టని దోసె పెనానికి గ్యాస్ పొయ్యే గతి. గ్యాస్ మంట నడుమనే తగులుతుంది, ఇనుములో వేడి పాకే వేగం అల్యూమినియంతో పోలిస్తే సుమారు నాలుగో వంతే. కనుక మంట సన్నగా పెట్టి, పెనాన్ని కొద్దికొద్దిగా జరుపుతూ, పొగ లేచి ఆగేదాకా ఒక్కో భాగాన్ని కాగనివ్వాలి. కిటికీలు తెరిచి, వంటగది ఫ్యాన్ వేసి మొదలుపెట్టండి. తెలిసిన బేకరీ ఉంటే, రొట్టెల పని ముగిశాక ఆరిపోతున్న బట్టీలో పెట్టనిస్తారేమో అడిగి చూడండి, అంత సమమైన వేడి ఇంట్లో దొరకదు.

మొదటి పది పన్నెండు వంటలకు నూనె కొంచెం ధారాళంగా ఉండాలి. సగం కోసిన ఉల్లిపాయను ఫోర్కుకు గుచ్చి నూనెలో అద్ది రుద్దే పాత పద్ధతి వృథా కాదు, అంత పలుచగా నూనె పరిచే బ్రష్ నేను చూడలేదు. పులుసు, చారు, టమాటా కూర ఇందులో మరిగించవద్దు, పులుపు కొత్త పూతను కరిగిస్తుంది, కూరకు ఇనుము రుచి వస్తుంది. పూత పలుచగా ఉన్నప్పుడు వంకాయ కూడా నల్లబడుతుంది, అది వంకాయలోని ఆమ్లం ఇనుముతో కలిసి చేసే రంగే గాని హాని కాదు. వేడి పెనం మీద చన్నీళ్లు పోయవద్దు, పోత ఇనుము చిట్లేది సాధారణంగా అప్పుడే.

మీ అమ్మాయి అమెరికాకు పట్టుకెళ్తానన్నదని కూడా రాశారు. తూకానికి కొన్న మామూలు పెనమైతే బరువు తప్ప చిక్కులేదు. అయితే 100 ఏళ్లు దాటినదని రాసిన రశీదుతో కొన్న వస్తువును సూట్‌కేసులో పెట్టకండి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం అంత పాతవాటిని దేశం దాటించడం నిషిద్ధం కావచ్చు, కనుక అటువంటిదేదైనా ఉంటే పురావస్తు శాఖ నుంచి అది పురావస్తువు కాదన్న పత్రం తీసుకున్న తర్వాతే పంపండి.

ఇండక్షన్ గురించి ఒక మాట. ఇనుము కనుక పనిచేస్తుంది. తక్కువ వేడి మీద మొదలుపెట్టి నాలుగైదు నిమిషాల తర్వాతే పెంచండి, లేకుంటే నడుమ కాగి అంచు చల్లగా ఉన్న పెనం మీద ఒత్తిడి పడుతుంది. గాజు మీద ఈడ్చకుండా ఎత్తి పెట్టండి. మీ పొంగనాల పెనం అడుగు గుంతల వల్ల గాజుకు సమంగా ఆనదు, దాన్ని గ్యాస్ మీదే వాడండి. వానాకాలంలో వాడని పెనాన్ని వార్తాపత్రికలో చుట్టి, మూత లేకుండా, గాలి ఆడే అరలో పెట్టండి. మూత బిగించిన డబ్బాలో చెమ్మ చిక్కుకుని, ఆగస్టు ముగిసేలోపే మళ్లీ తుప్పు పడుతుంది.